తెలుగు బాల్యం, ఆంగ్ల పాఠం: ‘యంగ్ లైవ్స్’ పరిశోధనపై భాషాదృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం తెలుగు పిల్లల ఆరోగ్యాన్ని, చదువును కలిపి ఏళ్ళ తరబడి పరిశీలించిన పరిశోధన. ఆర్థిక, సామాజిక శాస్త్రాల్లో దీనిపై విస్తారమైన చర్చ జరిగింది. తెలుగు భాషాసాహిత్య పరిశోధన మాత్రం దీన్ని పట్టించుకున్నట్లు కనిపించదు. ఈ అధ్యయనంలోని భాషను, అంటే పరీక్షల అనువాదాన్ని, మారుపేర్లను, పిల్లల మాటలు ఆంగ్లంలోకి వెళ్ళిన తీరును పరిశీలించి, దాని ఫలితాలపై భాష వేసే ప్రభావాన్ని చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బాల్యం, పోషణ, మాండలికం, అనువాదం, బోధనామాధ్యమం, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే ‘యంగ్ లైవ్స్’ నాలుగు దేశాల అధ్యయనం: ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశం. మొత్తం సుమారు 12,000 మంది పిల్లలు. భారతదేశం అని పేరుకే గాని ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను మాత్రమే. ఇరవై ప్రాంతాల నుంచి 2001-02లో పుట్టిన పసివాళ్ళను రెండువేల మందిని, 1994-95లో పుట్టి అప్పటికి ఎనిమిదేళ్ళ వయసుకు వచ్చినవారిని వెయ్యిమందిని తీసుకున్నారు. 2002 నుంచి కొన్నేళ్ళకొకసారి వారి ఇళ్ళకు వెళ్ళి ఎత్తు, బరువు, తిండి, బడి, కుటుంబ ఆదాయం, చదవడం, లెక్కలు వంటి వివరాలు సేకరించారు. కోవిడ్ కాలంలో ఫోన్ ద్వారా పలకరించారు. హైదరాబాదులోని సెస్ సంస్థ, తిరుపతిలోని శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఇందులో భాగస్వాములయ్యారు.

అంటే ఈ పరిశోధన సమాచారమంతా తెలుగునేల మీద, అధికభాగం తెలుగు మాటల్లో పుట్టింది. పత్రాలు మాత్రం ఆంగ్లంలో వెలువడ్డాయి. వాటి పాఠకులు, ఖండనకర్తలు, వాటిని ఉదాహరించినవారు ఎక్కువగా అభివృద్ధి అర్థశాస్త్రం చదివినవారే. తెలుగు శాఖల్లో బాలసాహిత్యంపైనా, కథల్లోని బాల్యచిత్రణపైనా సిద్ధాంత గ్రంథాలు వస్తూనే ఉన్నాయి. కాని నిజంగా జీవిస్తున్న మూడువేల మంది తెలుగు పిల్లల మాటల మీద కట్టిన ఇంత పెద్ద వాచకం మన పరిశీలనకు రాకపోవడం లోటే.

చోడవరం నుంచి చూస్తే ఈ లోటు మరోరకంగా కూడా తెలుస్తుంది. అధ్యయనానికి ఎంచుకున్న ఏడు జిల్లాలు శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్. ఉమ్మడి విశాఖపట్నం జిల్లా అందులో లేదు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి మారిన చోడవరం ఏ రకంగానూ ఆ పటంలో లేదు. అయినా ఆ చిన్న బృందంలోని పిల్లల సమవయస్కులే 2019 నుంచి మన డిగ్రీ తరగతుల్లో కూర్చున్నారు. వారి గురించి లోకం ఏమనుకుంటున్నదో తెలుసుకోవలసిన అవసరం మనకుంది.

2. అన్నం, అక్షరం: అధ్యయనం సాధించినది

విమర్శకు ముందు ఈ పరిశోధన విలువను గుర్తించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివారు 2015-16లో 31.4 శాతం, 2019-21లో 31.2 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఏమీ మారలేదని అనిపిస్తుంది. కాని మొదటిసారి కొలిచిన పిల్లలు వేరు, రెండోసారి కొలిచిన పిల్లలు వేరు. ఒక బిడ్డ గిడసబారి మళ్ళీ కోలుకున్నదా, బాగున్న బిడ్డ ఏ వయసులో వెనకబడింది అన్న ప్రశ్నలకు ఇటువంటి సర్వేలు జవాబు చెప్పలేవు. ఒకే బిడ్డ వెంట ఏళ్ళ తరబడి నడిచే అధ్యయనమే చెప్పగలదు. ఏడాది వయసుకు, ఎనిమిదేళ్ళకు మధ్య కొందరు పిల్లలు కోలుకోవడమూ, మరికొందరు కొత్తగా గిడసబారడమూ నాలుగు దేశాల్లోనూ జరిగిందని ‘యంగ్ లైవ్స్’ సమాచారం చూపింది. తొలి రెండేళ్ళలో జరిగినదే శాశ్వతమన్న నిరాశావాదానికి ఇది గట్టి సమాధానం.

ఇంకా ముఖ్యమైనది మధ్యాహ్న భోజనంపై అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన పత్రం. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తరువాత, 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బడుల్లో వండిన భోజనం పెట్టడం మొదలైంది. అదే కాలంలో కరువు వచ్చింది. కరువు దెబ్బకు పసితనంలో ఎదుగుదల కుంటుపడిన పిల్లలు బడిలో చేరి అక్కడి అన్నం తినడం మొదలుపెట్టాక ఆ నష్టం పూడిందని ఈ పత్రం నిరూపించింది. పప్పు, అన్నం, గుడ్డు అనేవి పిల్లల్ని బడికి రప్పించే ఎర మాత్రమేనని వాదించేవారికి దీన్ని చూపించవచ్చు.

ఈ దిశలో తెలుగునేలకు అంతకుముందే ఒక చరిత్ర ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో, అంగన్‌వాడీ అనుబంధాహారం అందిన ఊళ్ళను, ఇంకా అందని ఊళ్ళను పోల్చింది. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ వయసుకు వచ్చాక మళ్ళీ పరీక్షించగా, గర్భంలోనూ పసితనంలోనూ ఆ ఆహారం అందినవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వారి రక్తనాళాల బిగుతు తక్కువగా ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సంజయ్ కిన్రా బృందం వెల్లడించిన ఈ ఫలితం, తిండి ప్రభావం యౌవనం దాకా నిలుస్తుందనడానికి మన దగ్గరున్న బలమైన ఆధారాల్లో ఒకటి. చదువు విషయంలోనూ ఆ పిల్లలు ముందున్నారని తరువాతి పత్రాలు చెప్పాయి.

మధ్యాహ్న భోజన పత్రం శీర్షికలో ఒక పదబంధముంది. దాన్ని మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు ‘భద్రతావల’ అని మక్కికి మక్కి దించేశాయి. ఎత్తయిన తీగ మీద నడిచే సర్కసు మనిషి కింద కట్టే వల ఆ మాటకు మూలం. తెలుగులో వల అంటే చేప చిక్కేది, పిట్ట చిక్కేది. వలలో పడటం అంటే మోసపోవడం. ఆకలిగొన్న బిడ్డకు రాజ్యం వల పన్నిందన్న అర్థం వచ్చేలా మనం రాస్తున్నామని ఎవరూ గమనించినట్టు లేరు. ఈ విషయంలో ప్రభుత్వాలే మేలు. 2020లో ఒకరు ‘గోరుముద్ద’ అన్నారు, 2024లో మరొకరు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. రాజకీయం సంగతి ఎలా ఉన్నా ఆ రెండు పేర్లూ తెలుగువారికి అన్నం పెట్టడమంటే ఏమిటో ఎరిగినవి. మొదటిది తల్లిచేతి ముద్ద. రెండోది లంకల గన్నవరంలో దారినపోయే వారందరి ఆకలి తీర్చిన ఇల్లాలు.

3. బొమ్మలు చూపించి మాట అడగడం

పిల్లల భాషాసామర్థ్యాన్ని కొలవడానికి ఈ అధ్యయనం ప్రధానంగా వాడింది ‘పీబాడీ చిత్ర పదజాల పరీక్ష’. 1959లో అమెరికాలో పుట్టిన పరీక్ష ఇది. పరీక్షకులు ఒక మాట పలుకుతారు, బిడ్డ నాలుగు బొమ్మల్లో సరైనదాన్ని వేలితో చూపాలి. మాటలు సులభమైనవాటి నుంచి కఠినమైనవాటి వైపు వరుసగా ఉంటాయి. తెలుగులోకి తర్జుమా చేసి దీన్ని వాడారు. ఒక దేశపు, ఒక భాషలోని మార్కులను మరోదానితో నేరుగా పోల్చకూడదని అధ్యయనం సాంకేతిక పత్రాలే హెచ్చరించాయి. ఆ జాగ్రత్త మెచ్చుకోదగినది.

ఆ హెచ్చరిక భాషల మధ్య ఆగిపోయింది, ఒకే భాష లోపలికి రాలేదన్నదే నా అభ్యంతరం. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం నుంచి తెలుగులో నాలుగు మాండలిక మండలాలు ఉన్నాయన్న అవగాహన స్థిరపడింది: పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలు. ‘యంగ్ లైవ్స్’ వారు కోస్తా, రాయలసీమ, తెలంగాణ అనే మూడు రాజకీయ ప్రాంతాల లెక్కన జిల్లాలను ఎంచుకున్నారు. అయినా ఏడు జిల్లాల్లో నాలుగు మండలాలూ వచ్చాయి. శ్రీకాకుళం పూర్వమండలం, పశ్చిమగోదావరి మధ్యమండలం, అనంతపురం, కడప దక్షిణమండలం, మిగిలిన మూడూ ఉత్తరమండలం. ఇది యాదృచ్ఛికమైన అదృష్టం. ఆ అదృష్టాన్ని విశ్లేషణలో వాడుకోలేదు. మార్కులు సాధారణంగా ‘తెలుగు’ అనే ఒకే పెట్టెలో పడతాయి.

ఉత్తరాంధ్రలో ఆనపకాయ అనేదాన్నే మరోచోట సొరకాయ అంటారు. ఒకచోటి వేరుశనగ మరోచోట పల్లీ, ఇంకోచోట బుడ్డలు. మొక్కజొన్నను తెలంగాణ పిల్లలు మక్కలంటారు. మన వైపు ‘గుంటడు’ అంటే కుర్రవాడు. ఆ మాట కృష్ణాతీరంలో వింతగా వినిపిస్తుంది. ప్రామాణిక తెలుగుమాట వినిపించినప్పుడు బొమ్మ చూపలేని బిడ్డకు ఆ వస్తువు తెలియదా, ఆ పేరు తెలియదా? రెండూ వేరు. మొదటిది జ్ఞానలోపం, రెండోది పాఠశాల తెలుగుకు, ఇంటి తెలుగుకు మధ్య ఉన్న దూరం. ఆ దూరం పేద ఇళ్ళలోనే ఎక్కువ. కాబట్టి పేదరికం పదజాలాన్ని తగ్గిస్తుందన్న నిర్ధారణలో ఎంత భాగం నిజంగా పదజాలానిది, ఎంత భాగం పరీక్ష భాషది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సరిగా పనిచేయని అంశాలను గణాంక పద్ధతిలో ఏరివేస్తారని ఆర్థికవేత్తలు జవాబిస్తారు. నిజమే. అయితే ఏరివేత సగటును బట్టి జరుగుతుంది. ఇరవై ప్రాంతాల సగటులో శ్రీకాకుళం పిల్లవాడి యాస వినపడేంత బలంగా ఉండదు.

ఇది తెలుగు శాఖల వల్ల తీరగల లోపం. వృత్తిపదకోశాలు మన గ్రంథాలయాల్లో ఉన్నాయి. చెరకు నరకడం నుంచి బెల్లం దిమ్మ అనకాపల్లి మార్కెట్ చేరేదాకా ప్రతి పనికీ, ప్రతి పాత్రకూ ఈ ప్రాంతపు పదేళ్ళ బిడ్డకు పేరు తెలుసు. ఆ జ్ఞానాన్ని కొలిచే బొమ్మ ఏ పరీక్షలోనూ ఉండదు.

4. పూంపుహార్ ఎక్కడుంది?

2007 నుంచి కొంతమంది పిల్లలతో దీర్ఘసంభాషణలు జరిపి గుణాత్మక పరిశోధన కూడా చేశారు. అందుకు ఎంచుకున్న నాలుగు చోట్ల అసలు పేర్లు దాచి మారుపేర్లు పెట్టారు. మహబూబ్‌నగర్ గ్రామం ‘పూంపుహార్’ అయింది. అనంతపురం గ్రామం ‘కాటూరు’, హైదరాబాదు బస్తీ ‘పోలూరు’, శ్రీకాకుళం జిల్లాలోని గిరిజన ప్రాంతం ‘పాట్నా’ అయ్యాయి.

పిల్లల గోప్యత కోసం పేర్లు మార్చడం నైతిక బాధ్యత, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కాని మారుపేరుకు కూడా అర్థముంటుంది. పూంపుహార్ కావేరి సముద్రంలో కలిసేచోట ఉన్న ప్రాచీన తమిళ రేవుపట్టణం. వానకోసం ఎదురుచూసే పాలమూరు మెట్టపల్లెకు ఆ పేరు తగిలించాక, చదివేవాడి మనసులో ఏ ప్రకృతి దృశ్యం కదులుతుంది? కొండల్లోని సవర, జాతాపు ఇళ్ళ మధ్య జరిగిన సంభాషణలకు బీహారు రాజధాని పేరు పెట్టడం మరింత విచిత్రం. కథారచయిత ఎవరైనా ఇలా చేసి ఉంటే విమర్శకులు ఊరుకునేవారు కాదు. ఊరి పేరులో కొండ, వాగు, కులం, చెట్టు, దేవత అన్నీ ఉంటాయని మన నామవిజ్ఞానం ఏనాడో చెప్పింది. గోప్యతను కాపాడుతూనే ప్రాంతపు స్వభావాన్ని నిలిపే కల్పిత నామాలు తెలుగులో కోకొల్లలు దొరుకుతాయి. అందుకు తెలుగు తెలిసినవారిని ఒక్క పూట సంప్రదిస్తే చాలు.

గిరిజన ప్రాంతపు ప్రస్తావన వచ్చింది గనుక గిడుగు రామమూర్తిని తలచుకోకుండా ముందుకు పోలేము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరభాష నేర్చాడు, సవర పిల్లలకు బడులు పెట్టాడు, వారి భాషలో వాచకాలు రాశాడు, నిఘంటువు కూర్చాడు. ఆ బాటలోనే 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది. చోడవరం నుంచి మాడుగుల మీదుగా ఘాట్ రోడ్డెక్కితే ఆ భాషల్లో కొన్ని మాట్లాడే ఇళ్ళే వస్తాయి. బిడ్డ భాష తెలియకుండా బిడ్డను చదివించలేమన్నది గిడుగు ఆచరణ. బిడ్డ భాష తెలియకుండా బిడ్డను అంచనా వేయగలమా అన్నది ఈనాటి ప్రశ్న.

5. పని, సాయం, కూలి

వర్జీనియా మారో, ఉమా వెన్నం 2009లో ప్రచురించిన పత్రం ఈ అధ్యయనం నుంచి వచ్చిన రచనల్లో నాకు అత్యంత విలువైనదిగా తోస్తుంది. మహబూబ్‌నగర్‌లో సంకర పత్తివిత్తనాల పొలాల్లో పిల్లలు చేసే పని దాని విషయం. పూలలోని పుంభాగాలు తీసేసి మరో మొక్క పుప్పొడి చేత్తో అద్దడాన్ని రైతులు ‘క్రాసింగ్’ అంటారు. ఆ రోజుల్లో బడి ఖాళీ అవుతుంది. పిల్లల్ని బాధితులుగా మాత్రమే చూడకుండా, కుటుంబం కోసం పనిచేస్తున్నామన్న వారి గర్వాన్ని, అలసటను, ఒంటినొప్పులను రెండింటినీ పక్కపక్కనే ఉంచింది ఆ పత్రం. పిల్లల హక్కుల గురించిన అంతర్జాతీయ చర్చ ఆ పొలాల వాస్తవాన్ని సరిగా పట్టుకోలేదన్న రచయిత్రుల వాదన సాహసోపేతం.

అయితే ఆ వాదనంతా ఆంగ్లంలోని రెండు మాటల మధ్య నడుస్తుంది. ఒకటి నిరపాయమైన పనిని సూచించేది, మరొకటి దోపిడీని సూచించేది. తెలుగు పిల్లవాడి నోట ఈ ద్వంద్వం ఇలా ఉండదు. ఇంటి పని, పొలం పని వేరు. అమ్మకు ‘సాయం’ చేయడం వేరు. ‘కూలికి’ పోవడం వేరు. ‘చాకిరీ’ అన్నప్పుడు ఫిర్యాదు ఉంది, ‘వెట్టి’ అన్నప్పుడు చరిత్ర ఉంది. తన పొలంలో క్రాసింగ్ చేసిన అమ్మాయి ఏ మాట వాడింది, పక్క రైతు పొలంలో చేసిన అమ్మాయి ఏ మాట వాడింది? ఇద్దరి జీవితాల మధ్య తేడా ఆ ఎంపికలోనే ఉండవచ్చు. పత్రంలో మనకు దొరికే ఉదాహరణలన్నీ ఆంగ్ల వాక్యాలే కాబట్టి ఆ తేడా పాఠకుడికి చేరదు. చక్కని విశ్లేషణ దాని ముడిసరుకుకు ఒక మెట్టు పైన ఆగిపోయింది. సామాజికశాస్త్ర రచనల్లో మూలవాక్యాన్ని కూడా ఇవ్వాలన్న నియమం ఉంటే, అదొక్కటే తెలుగు పరిశోధకుడికి తలుపు తెరిచేది.

6. మాధ్యమం అనే మాట దాటేసిన చర్చ

చదువు విషయంలో ‘యంగ్ లైవ్స్’ వెలుపలి అధ్యయనాన్ని కూడా ఇక్కడ చూడాలి. 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో పేదపిల్లలకు లాటరీ ద్వారా వోచర్లిచ్చి ప్రైవేటు బడులకు పంపిన ప్రయోగంపై కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 2015లో పత్రం ప్రచురించారు. నాలుగేళ్ళ తరువాత తెలుగులోనూ లెక్కల్లోనూ ప్రైవేటుకు వెళ్ళినవారికి, వెళ్ళనివారికి మధ్య తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు చాలా ముందున్నారు. ప్రైవేటు బడులు ఒక్కో బిడ్డ మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడోవంతుకన్నా తక్కువ.

ఈ ఫలితాన్ని ప్రభుత్వ బడులను సమర్థించేవారు ఒకలా, ప్రైవేటును సమర్థించేవారు మరోలా వాడుకున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి ఆ సమయాన్ని హిందీకి ఇచ్చాయన్న వివరం ఇరుపక్షాల వాదాల్లోనూ కనుమరుగైంది. తక్కువ గంటలు చెప్పినా తెలుగు మార్కులు తగ్గలేదు కాబట్టి సామర్థ్యం ఎక్కువని రచయితల తర్కం. అర్థశాస్త్రంగా అది సమంజసమే. కాని ఆ పరీక్షల్లో తెలుగు కేవలం ఒక సబ్జెక్టు. బిడ్డ ఆలోచించే సాధనంగా తెలుగును ఆ పట్టికల్లో ఎక్కడా కొలవలేదు.

2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఆంగ్లమాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2021-22 నుంచి డిగ్రీ స్థాయిలో ఆంగ్లమాధ్యమమే ఉండాలన్న నిర్ణయం అమలైంది. ఆనాటి వాదవివాదాల్లో ఆత్మగౌరవం, ఉపాధి, సామాజికన్యాయం అన్నీ వినిపించాయి. ఆంగ్లం కోరుకున్న పేద తల్లిదండ్రులను భాషాద్రోహులనడం అన్యాయం. వారి లెక్క వారికుంది. మన దగ్గర ఇరవై ఏళ్ళ సమాచారం ఉండి కూడా, ఇంటిభాష నుంచి బడిభాషకు మారిన ఏడాదిలో ఒక బిడ్డ చదువుకు ఏమైందో చెప్పే తెలుగు వ్యాసం ఒక్కటీ ఆ చర్చలో ముందుకు రాలేదు. ఈ విషయంలో ఆర్థికవేత్తలను నిందించి ప్రయోజనం లేదు. అది మన పని.

7. పటంలో లేని చెరకు పొలం

కరువు ఈ అధ్యయనంలో స్పష్టంగా కనిపించడానికి కారణం అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలు అందులో ఉండటమే. గోవాడ సహకార చక్కెర కర్మాగారం చుట్టూ అల్లుకున్న చోడవరం ప్రాంతపు కుటుంబాల ఆదాయం మరోరకంగా ఒడుదుడుకులకు లోనవుతుంది. శీతాకాలంలో క్రషింగ్ మొదలై వేసవి వైపు సాగుతుంది. నరికిన చెరకుకు డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందన్నదాని మీద పిల్లల ఫీజు, పుస్తకాలు, పాలు ఆధారపడతాయి. వాన లేకపోవడం ఒక్క ఏడాదిలో కొలవగల దెబ్బ. పంట చేతికొచ్చి డబ్బు రాకపోవడం నెమ్మదిగా తగిలే దెబ్బ. వర్షపాత పట్టికలో అది కనిపించదు. కోస్తాను శ్రీకాకుళం, పశ్చిమగోదావరులతో సరిపెట్టినప్పుడు రెండింటి మధ్య ఉన్న ఈ చెరకుసీమ జారిపోయింది.

చిన్నస్థాయిలోనైనా దీన్ని పూరించడం స్థానిక కళాశాలల అధ్యాపకులకు అసాధ్యం కాదు. రెండు మూడు ప్రాథమిక పాఠశాలలు, క్రషింగ్ కాలానికి ముందూ తరువాతా పిల్లల హాజరు, ఎత్తు, బరువు చాలు. వాటితోపాటు తిండి గురించీ పని గురించీ వారు చెప్పిన మాటలు వారి యాసలోనే, వారు పలికిన తీరులోనే రాసి ఉంచాలి. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, పేర్లు మార్చాలి. మార్చిన పేర్లు శారదానది ఒడ్డున వినిపించే పేర్లలాగే ఉండాలి. ఆంగ్ల అనువాదం పక్కనే ఉండవచ్చు. ఎత్తు కొలిచే కర్ర ఏ అంగన్‌వాడీలోనైనా దొరుకుతుంది. వృత్తిపదకోశం మొదటి సంపుటం కొత్త ముద్రణ లేక చాలా కళాశాల గ్రంథాలయాల్లో పాత ప్రతిగానే ఉంది. ముందుగా దాన్ని బీరువాలోంచి బయటికి తీయాలి.